అప్‌గ్రేడ్ పేరుతో మా మెయిల్ సెట్టింగులు చెరిపేశారు

విజయవాడలో మా ప్రింటింగ్ ప్రెస్ కోసం నెల అద్దెకి మెయిల్ సర్వర్ తీసుకున్నాం. రెండేళ్లూ స్పీడుకి వంక పెట్టే పని రాలేదు. పోయిన శనివారం రాత్రి వాళ్లు చేసిన అప్‌గ్రేడ్ మాత్రం మమ్మల్ని నిలువునా ముంచింది.

సోమవారం పొద్దున్నే పెళ్లికార్డు డిజైన్ పంపిన ఆయన ఫోన్ చేశారు, "ఏమండీ, మెయిల్ తిరిగొచ్చేస్తోంది" అని. చూస్తే మెయిల్ నడిపే పోస్ట్‌ఫిక్స్ సాఫ్ట్‌వేర్ సెట్టింగులుండే మెయిన్.సీఎఫ్ ఫైలు మొత్తం కొత్తగా రాసేసి ఉంది. నేను 40 ఎంబీ పెట్టుకున్న మెసేజ్ సైజు లిమిట్ మళ్లీ డిఫాల్ట్‌కి, 1,02,40,000 బైట్లకి పడిపోయింది. అంటే పది ఎంబీ. మా పీడీఎఫ్‌లు అందులో ఎక్కడ పడతాయి? బయటికెళ్లే మెయిల్ ఏ సర్వర్ ద్వారా పోవాలో చెప్పే రిలేహోస్ట్ లైను అయితే అసలు లేనే లేదు.

అప్‌గ్రేడ్ అయినప్పుడు సర్వర్‌ని నిర్వహించే కంట్రోల్ ప్యానెల్ తన దగ్గరున్న నమూనాతో ఫైలు తిరగరాస్తుందట. సపోర్ట్ అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు, కానీ పాత ఫైలు బ్యాకప్ వాళ్ల దగ్గర లేదు. ముందుగా ఒక్క మెయిల్ పెట్టి చెప్పి ఉంటే సరిపోయేది కదా! పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులు చూపించే పోస్ట్‌కాన్ఫ్ కమాండుతో ఎప్పుడో తీసి, ప్రింట్ చేసి డ్రాయర్లో పెట్టుకున్న ఒక్క కాగితం మమ్మల్ని కాపాడింది. దాన్ని చూసి లైను లైనూ కొట్టేసరికి మధ్యాహ్నం మూడైంది.

5కి 2 స్టార్లు. సొంత మార్పులు చేసుకునేవాళ్లు ఈ ప్లాన్ తీసుకోకండి.