పాత స్కూలు ఆడిటోరియంకి వుడ్ ఉల్ బోర్డు: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ డబ్బు వృథా

పాత స్కూలు హాలు బాగు చేయిద్దామనుకోగానే డబ్బంతా రంగులకి, స్టేజీ కర్టెన్లకి, కొత్త స్పీకర్లకి పోతుంది. హెడ్మాస్టరు మైకులో చెప్పేది వెనక వరస పిల్లలకి మునుపటి లాగే అర్థం కాదు. తప్పు మైకుది కాదు, గోడలది. సిమెంటు ప్లాస్టరు, షాబాదు బండలు, కాంక్రీటు స్లాబు, వీటిలో ఏదీ శబ్దాన్ని పీల్చుకోదు. ఆ పని చేసే సరుకుల్లో స్కూళ్లకి అన్నిటికన్నా నప్పేది వుడ్ ఉల్ బోర్డు అని గట్టిగా చెప్పొచ్చు. కాకపోతే చాలాచోట్ల దాన్ని బిగించే తీరు వల్ల పెట్టిన డబ్బుకి సగం ఫలితం కూడా రావడం లేదు.

చెక్కని సన్నటి పొడవాటి పోగులుగా చీల్చి, సిమెంటుతోనో మాగ్నసైటుతోనో కలిపి అదిమి చేసే బోర్డు ఇది. సాధారణంగా దొరికేది 2×4 అడుగుల సైజు, 25 మి.మీ. మందం, ఒక్కోటి సుమారు 8 కిలోలు. చేత్తో తడిమినా, కుర్చీ తగిలినా తేలిగ్గా పాడవదు. పిల్లలు తిరిగే చోట ఇది మొదటి అర్హత.

ఎంత కావాలో తేల్చకుండా ఆర్డరు పెట్టకండి. లెక్క కష్టమైనదేం కాదు. హార్వర్డులో భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సాబిన్ 1890లలో తేల్చిన సూత్రమే ఇప్పటికీ వాడతారు: హాలు ఘనపరిమాణాన్ని ఘనపు అడుగుల్లో తీసుకుని 0.049తో గుణించి, హాలు మొత్తం పీల్చుకునే సామర్థ్యంతో భాగిస్తే, శబ్దం సద్దుమణగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో వస్తుంది. 80 అడుగుల పొడవు, 40 వెడల్పు, 20 ఎత్తు ఉన్న హాలు తీసుకుందాం. ఘనపరిమాణం 64,000. ఖాళీ హాల్లో గోడలు, నేల, కప్పు, కర్టెను అన్నీ కలిపినా సామర్థ్యం 600 యూనిట్లు దాటదు (తగిలిన శబ్దాన్నంతా పీల్చేసుకునే ఒక చదరపు అడుగు అంటే ఒక యూనిట్). అంటే 5 సెకన్ల పైనే. మాట స్పష్టంగా వినబడాలంటే 1.2 సెకన్ల దగ్గరికి రావాలి.

ఇక్కడే చాలామంది మోసపోతారు. 400 మంది కూర్చుంటే మనుషులే సుమారు 1,800 యూనిట్లు పీల్చుకుంటారు. వార్షికోత్సవం రోజు హాలు నిండితే సమయం దానంతటదే 1.3కి దిగుతుంది, ‘అంతా బాగానే ఉందిగా’ అనిపిస్తుంది. మిగతా ఏడాదంతా రిహార్సల్సు, క్విజ్‌లు, తల్లిదండ్రుల మీటింగులు మూడో వంతు జనంతోనే జరుగుతాయి. కాబట్టి లెక్క మూడో వంతు జనానికి వేయాలి. అప్పుడు ఉన్నది 1,200, కావాల్సింది 2,600. తక్కువ పడే 1,400 యూనిట్లని బోర్డులే సమకూర్చాలి.

ఆ 1,400 ఎన్ని చదరపు అడుగులు అన్నది బోర్డు వెనక ఏముందన్న దాని మీద ఆధారపడుతుంది. 25 మి.మీ. బోర్డుని నేరుగా గోడకి అతికిస్తే తగిలిన శబ్దంలో సగటున 0.4 వంతు మాత్రమే పీల్చుకుంటుంది, అది కూడా ఎక్కువగా సన్నటి శబ్దాలనే. స, శ, ట లాంటి ధ్వనుల పదును పోయి, గంభీరమైన గొంతు గుంయ్‌మనడం మాత్రం మిగిలిపోతుంది. అదే బోర్డు వెనక 50 మి.మీ. జీఐ (గాల్వనైజు చేసిన ఇనుము) ఫ్రేము కట్టి, అందులో 50 మి.మీ. మందం, 48 డెన్సిటీ (ఘనపు మీటరుకి 48 కిలోలు) గ్లాస్ ఉల్, అంటే గాజు పోగుల దూది, నింపితే అంకె 0.8 దాటుతుంది. పనితనంలో లోపాలు ఉంటాయి కాబట్టి లెక్కకి 0.7 కన్నా ఎక్కువ పట్టుకోవద్దు. నేరుగా అతికిస్తే 3,500 చదరపు అడుగులు కావాలి, గ్లాస్ ఉల్‌తో అయితే 2,000 చాలు. అంటే 250 బోర్డులు, కోతలకి, విరిగిపోయేవాటికి మరో 20. ‘ఫ్రేము ఎందుకండీ, ఖర్చు దండగ’ అనే కాంట్రాక్టరుకి ఈ రెండు అంకెలు చూపించండి.

బ్రోచరులో కనిపించే 0.9, 0.95ల గురించి ఒక మాట. ఐఎస్ఓ 354 (శబ్దం పీల్చుకోవడాన్ని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం చేసిన టెస్టు రిపోర్టు అడిగి, అందులో మౌంటింగ్, అంటే బోర్డు బిగించిన తీరు, ఏమని రాశారో చూడండి. ‘ఇ-400’ అని ఉంటే బోర్డు వెనక 400 మి.మీ. ఖాళీ వదిలి కొలిచారని అర్థం. మీ గోడ మీద అంత ఖాళీ ఉండదు. నేరుగా గోడకి బిగించి కొలిస్తే ‘ఎ’ అని ఉంటుంది. ఈ రెండూ పక్కపక్కన ఇవ్వలేని అమ్మకందారు దగ్గర బేరం ఆడకపోవడమే మంచిది.

ఎక్కడ పెట్టాలన్నది మరో సగం. మొదట స్టేజీకి ఎదురుగా ఉండే వెనక గోడ. 80 అడుగులు వెళ్లి తిరిగొచ్చే మాట స్టేజీ మీదున్న మనిషికి సెకనులో ఏడో వంతు ఆలస్యంగా వినబడుతుంది, మాట్లాడేవాళ్లు తడబడేది అందుకే. ఆ గోడకి 3 అడుగుల ఎత్తు నుంచి పైదాకా వేస్తే తలుపులు పోను 600 చదరపు అడుగులు వస్తుంది. మిగతా 1,400ని పక్క గోడల మీద, కిటికీలపైన 10 అడుగుల పట్టీగా చెరో 70 అడుగులు పరవండి. స్టేజీ వైపు 10 అడుగులు వదిలేయాలి. స్టేజీకి ముందున్న కప్పు భాగాన్ని అసలు ముట్టుకోవద్దు, మాటని వెనక వరసలకి చేర్చేది అదే. హాలంతా ఒకేలా కనిపించాలని కప్పు మొత్తం మూసేస్తే మాట నీరసపడిపోతుంది.

ఇవన్నీ కప్పు కారకపోతేనే. తడిసినా వుడ్ ఉల్ తట్టుకుంటుంది, వెనకున్న గ్లాస్ ఉల్ తట్టుకోదు. తడిసి బరువెక్కి ఫ్రేములో కిందికి జారిపోతుంది, పైన ఖాళీ ఏర్పడుతుంది, బయటికి ఏమీ తెలియదు. మద్రాసు టెర్రసు కప్పులున్న (చెక్క దూలాల మీద ఇటుకలు, సున్నంతో వేసినవి) పాత భవనాల్లో పగుళ్లు ముందు మూయించి, ఒక వానాకాలం చూశాకే గోడ పని మొదలుపెట్టాలి. నేల నుంచి చెమ్మ ఎక్కే గోడకి బోర్డుని 3 అడుగుల పైనుంచే మొదలుపెట్టడానికి అదింకో కారణం. కింది భాగానికి సిమెంటు బోర్డు డాడో (గోడ అడుగు భాగానికి వేసే తొడుగు) చాలు.

సున్నం గచ్చుతో కట్టిన గోడల్లో ప్లగ్గులు నిలవవు. రంధ్రం అతుకులో కాకుండా ఇటుక మధ్యలో పడాలి, ప్లాస్టరు మందం పోను ఇటుకలోకి కనీసం 50 మి.మీ. దిగాలి. కాంట్రాక్టరు జీఐ ఫ్రేముకి బదులు చెక్క రీపర్లు (సన్నటి చెక్క పట్టీలు) వేస్తానంటే ఒప్పుకోకండి. బోర్డుకి చెదలు పట్టవు కానీ వెనకున్న రీపరుకి పడతాయి, అప్పుడు బోర్డు మొత్తం ఊడి వస్తుంది. సముద్రం దగ్గరి ఊళ్లలో స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలే వాడాలి. మాగ్నసైటు రకాల్లో క్లోరైడు ఉంటే చెమ్మకి మామూలు ఇనుము తుప్పు పట్టిపోతుంది. అలాంటి చోట సిమెంటు రకమే తీసుకోండి. ఫ్రేము చివర్లు జాలీతో మూయకపోతే ఎలుకలు గ్లాస్ ఉల్‌లో కాపురం పెడతాయి.

రేకుల కప్పు ఉన్న హాళ్లకి ఈ లెక్క చాలదు. వాన చప్పుడు పై నుంచి వస్తుంది కాబట్టి బోర్డు ట్రస్సు (రేకుల్ని మోసే చట్రం) కింద సీలింగుగా రావాలి. చదరపు అడుగుకి దాదాపు కిలో బరువు అదనం, ట్రస్సు దాన్ని మోస్తుందో లేదో స్ట్రక్చరల్ ఇంజనీరు చెప్పాలి. ఆస్బెస్టాస్ రేకులకి మాత్రం రంధ్రాలు పెట్టనివ్వకండి. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

చౌకగా వస్తుందని కోన్ల ఆకారపు ఫోము అతికించే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. 2003 ఫిబ్రవరిలో అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక నైట్‌క్లబ్బులో స్టేజీ చుట్టూ అతికించిన పాలీయూరిథేన్ ఫోముకి బాణసంచా నిప్పురవ్వలు తగిలి 100 మంది చనిపోయారు. 1995 డిసెంబరు 23న హర్యానాలోని డబ్వాలీలో స్కూలు వార్షికోత్సవంలో షామియానా అంటుకుని 400 మందికి పైగా బలయ్యారు, వాళ్లలో పిల్లలే ఎక్కువ. స్టేజీ మీద ఫైర్ షాట్లు కాల్చే అలవాటు మన స్కూళ్లలోనూ పెరుగుతోంది. బోర్డుకి ఫైర్ టెస్టు సర్టిఫికెట్ తప్పనిసరిగా అడగండి. పని జరిగేటప్పుడు తలుపులు బయటికి తెరుచుకునేలా మార్పించండి, ప్యానెళ్ల కోసం ఏ తలుపునీ మూయించకండి.

9 మి.మీ. పాలిస్టర్ ప్యానెళ్లు చూడ్డానికి బాగుంటాయి, రంగులు ఎక్కువ, బిగించడం సులువు. మ్యూజిక్ రూముకో కంప్యూటర్ ల్యాబుకో బాగా నప్పుతాయి. పెద్ద హాల్లో గోడకి నేరుగా అంటిస్తే గంభీరమైన శబ్దాన్ని దాదాపు వదిలేస్తాయి, పెన్ను గీతలు పోవు. గుడ్ల ట్రేల గురించి అడిగేవాళ్లు ఇంకా ఉన్నారు: అవి శబ్దాన్ని పీల్చవు, తేలిగ్గా అంటుకుంటాయి.

రంగు దగ్గర జాగ్రత్త. రోలరుతోనో బ్రష్షుతోనో వేస్తే పోగుల మధ్య ఖాళీలు పూడిపోయి బోర్డు మామూలు గోడలా తయారవుతుంది. పల్చటి ఎమల్షన్ స్ప్రేతోనే, రెండు కోట్లకి మించకుండా వేయాలి. తర్వాతెప్పుడో వెల్ల వేయడానికొచ్చే పెయింటరుకి కూడా ఇది చెప్పాలి కాబట్టి ఆఫీసు ఫైల్లో రాసిపెట్టండి.

కొటేషన్ బోర్డు, ఫ్రేము, గ్లాస్ ఉల్, స్ప్రే అని విడివిడిగా చదరపు అడుగు రేట్లతో తీసుకోండి. అన్నీ కలిపి ఒకే రేటంటే మొదట కోత పడేది గ్లాస్ ఉల్ డెన్సిటీకే. బోర్డులు మూయకముందు ఫ్రేములో ఉన్న గ్లాస్ ఉల్‌ని వరస వరసకీ ఫొటో తీయించి, ఆ తర్వాతే ఆ వాయిదా చెల్లించండి. ఆఖరి బిల్లుకి ముందు ఖాళీ హాల్లో పని చూడండి. పై లెక్కన ఖాళీగా ఉన్నప్పుడు సుమారు 1.6 సెకన్లు రావాలి. ఫోనులో రికార్డు పెట్టి స్టేజీ మీద బెలూను పగలగొడితే అటూ ఇటూగా తెలిసిపోతుంది. 2 సెకన్లు దాటి వినబడుతుంటే రెండు బోర్డులు ఊడదీయించి వెనక చూడండి. మిగిలిన బోర్డుల్లో పది పొడిగా ఉండే గదిలో దాచమనండి, ఐదేళ్ల తర్వాత అదే పోగు, అదే రంగు మళ్లీ దొరకదు.