విత్తనాల కిట్ కొంటున్నారా? స్టిక్కర్ కింద తేదీ చూడండి

అనంతపురంలో మిద్దె మీద కూరగాయలు పెంచుకునే అక్కలకు, అన్నలకు ఒక మాట. చలికాలం కిట్ అని పన్నెండు రకాల విత్తనాలు ఒకే కవర్లో పెట్టి అమ్ముతున్నారు. అది కొనేముందు దయచేసి ఇది చదవండి. దీపావళి అయిపోగానే ఊర్లోనే ఒక అంగడిలో 480 రూపాయలు పెట్టి తెచ్చుకున్నాను. అంగడి మీద కోపం తీర్చుకోవడానికి రాయడం లేదు, ఇంకొకరికి ఇలా కాకూడదనే రాస్తున్నాను.

ముల్లంగి, క్యారెట్, బీట్‌రూట్, పాలకూర, మెంతికూర అన్నీ ఒకే రోజు వేశాను. క్యారెట్ మొలవడానికి రెండు వారాలు పట్టినా పట్టొచ్చు. ముల్లంగి అలా కాదు, నాలుగైదు రోజులకే పైకి వస్తుంది. ఎనిమిదో రోజుకు కూడా ఆ తొట్టి బోసిగానే ఉండేసరికి అనుమానం వచ్చింది.

మిగిలిన ప్యాకెట్లు కిటికీ దగ్గర వెలుతురులో పెట్టి చూశాను. తేదీ ఉండాల్సిన చోట వేరే తేదీ వేసిన చిన్న తెల్ల స్టిక్కర్. ఒక మూల కాస్త లేచి ఉంటే గోరుతో నెమ్మదిగా లాగాను. కింద అచ్చు వేసిన గడువు నిరుడు మార్చి! ఇంకో నాలుగు గీకి చూస్తే నాలుగూ అంతే. తక్కినవాటి మీద బొమ్మ తప్ప అక్షరం లేదు. ఉత్త కవర్, ఒక స్టాప్లర్ పిన్ను.

మా అత్తమ్మ తడిగుడ్డలో వేసి చూడమంది. ఇరవై ముల్లంగి గింజలు లెక్కపెట్టి మూట కట్టి, ఆరకుండా నీళ్లు చిలకరిస్తూ వచ్చాం. ఐదో రోజు విప్పితే మూడంటే మూడు మొలిచాయి. కొన్ని మెత్తబడి వాసన వస్తున్నాయి. ముల్లంగి విత్తనానికి ప్రభుత్వం పెట్టిన కనీస మొలక శాతం 70. ఆ లెక్కన ఇరవైకి పద్నాలుగు రావాలి.

అంగడికి పోతే "నీళ్లు ఎక్కువ పోసింటారక్కా, మీ మట్టి బాగలేదేమో" అన్నాడు. తడిగుడ్డలో మట్టి ఎక్కడుంది? స్టిక్కర్ చూపిస్తే, కంపెనీ వాళ్లే అట్ల పంపినారన్నాడు. బిల్లు లేదు కాబట్టి డబ్బులు వాపసు రావంట. బిల్లు అడగకపోవడం మాత్రం నా పొరపాటే.

480 రూపాయల కంటే నాకు ఎక్కువ బాధ, పోయిన రోజుల గురించి. మన దగ్గర చలి ఉండేదే కొన్నాళ్లు. శివరాత్రికల్లా మధ్యాహ్నం మిద్దె మీద కాలు పెట్టలేం. క్యారెట్ గడ్డ ఊరడానికి దాదాపు మూడు నెలలు కావాలి. ఇప్పుడు మళ్లీ వేస్తే సగం కాలం ఎండల్లోకే పోతుంది.

కాలీఫ్లవర్‌తో ఇంకా జాగ్రత్త. రకం పేరు లేని ప్యాకెట్ అస్సలు తీసుకోవద్దు. ఆలస్యంగా వచ్చే రకాలకు పువ్వు కట్టాలంటే 10 నుంచి 16 డిగ్రీల చలి ఉండాలి. అనంతపురంలో అంత చలి అన్నాళ్లు నిలవదు. మనకు ముందస్తు రకాలే మేలు. లేకపోతే నెలల తరబడి ఉత్త ఆకులకు నీళ్లు పోసినట్టే.

నాకు బాగా కోపం తెప్పించింది బీట్‌రూట్ ప్యాకెట్. గింజలకు గులాబీ రంగు ఉంది, అంటే మందు పట్టించినవి. అలాంటి ప్యాకెట్ మీద మందు పట్టించారని, తినడానికి వాడొద్దని హెచ్చరిక ఉండాలి. ఇక్కడ ఏమీ లేదు. మా పాప ఆ గింజలను అరచేతిలో పోసుకుని ఆడుకుంటుంటే చూసి గుండె ఆగినంత పనైంది. సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించాను. విత్తనాల ప్యాకెట్లలో మిగిలిన మెంతులు, ధనియాలు పొరపాటున కూడా పోపుల డబ్బాలో వేయకండి.

కొనేటప్పుడు రకం పేరు, లాట్ నంబర్, మొలక శాతం, పరీక్ష చేసిన తేదీ, గడువు తేదీ ప్యాకెట్ మీదే అచ్చయి ఉన్నాయా చూసుకోండి. 1966 నుంచే విత్తన చట్టం ఉంది కాబట్టి ఇవి అడగడానికి మొహమాటపడొద్దు. అన్నీ ఒకేసారి మట్టిలో వేయకుండా పది గింజలు తడిగుడ్డలో వేసి చూడండి.

ఇప్పటికే ఆ కిట్ కొన్నవాళ్లు స్టిక్కర్ మొత్తం పీకేయకండి. సగం లేపి, రెండు తేదీలూ కనపడేలా ఫోటో తీసుకోండి. ప్యాకెట్ పారేయకండి. బిల్లు ఉంటే దాన్ని కూడా దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.