సినగాగు తెర: ఆర్టిస్టుకు అప్పగించాలా, సభ్యులే కుట్టుకోవాలా?

నేను న్యూజెర్సీలో మగ్గం వర్క్, అప్లిక్ (బట్ట ముక్కలను ఇంకో బట్ట మీద అతికి కుట్టే పని) నేర్పుతాను. రెండేళ్ల కిందట మా ఊరి సినగాగు (యూదుల ప్రార్థన మందిరం) వాళ్లు కొత్త పరోఖెత్ చేయడానికి సాయం అడిగారు. తోరా (యూదుల పవిత్ర గ్రంథం) చుట్టలుండే బీరువా ముందు వేలాడే తెర అది. తోరాలో భాగమైన నిర్గమకాండంలోని అడ్డతెర పేరే దీనికీ వచ్చింది. ఆ పని చూసిన మిగతా కమిటీల వాళ్లు కూడా ఇప్పుడు నన్ను ఆర్టిస్టుకు ఇవ్వాలా, మేమే కుట్టుకోవాలా అని అడుగుతున్నారు.

ఆర్టిస్టుకు ఇస్తే వచ్చే అందం వేరు. 1957లో నేత కళాకారిణి ఆనీ ఆల్బర్స్ డాలస్‌లోని టెంపుల్ ఎమాన్యుయెల్ అనే సినగాగులో ఆర్క్‌కు (తోరా బీరువాకు) ప్యానెళ్లు చేశారు. జర్మనీలోని బౌహాస్ కళాశాలలో నేత నేర్చిన చెయ్యి ఆమెది. అలాంటి పనితనం పదిమంది కూర్చుంటే వచ్చేది కాదు. పైగా టెన్షన్ ఉండదు, చెప్పిన తేదీకి చేతికొస్తుంది.

అయినా నా మొగ్గు రెండో దారికే. ఇక్కడే మిల్‌బర్న్‌లో బ్నై ఇజ్రాయెల్ సినగాగుకు 1950-51లో చిత్రకారుడు అడాల్ఫ్ గాట్లీబ్ తెర డిజైన్ చేశారు. వెల్వెట్ మీద దాన్ని కుట్టింది మాత్రం ఆ సినగాగు ఆడవాళ్లే. ఆయన భార్య ఎస్తర్ దగ్గరుండి చేయించారు. ఈ పద్ధతికి మూలం యూదుల ఇళ్లలో ముందునుంచీ ఉంది. జర్మనీ యూదులు మగబిడ్డ సున్నతి నాటి బట్టను పట్టీలుగా కోసి, కలిపి కుట్టి, దాని మీద బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఆశీర్వాదం వేసేవాళ్లు. విమ్పెల్ అనే ఆ పట్టీనే సినగాగులో తోరా చుట్టకు కట్టేవాళ్లు. ఇంటి బట్ట గుడికి చేరడమంటే ఇదే. కొన్న తెరకు ఈ బంధం ఎక్కడి నుంచి వస్తుంది?

చిక్కులు లేకపోలేదు. అందరి కుట్టూ ఒకేలా ఉండదు. అందుకే బొమ్మలు పదిమందికి పంచాను, అక్షరాలు మాత్రం ఇద్దరికే ఇచ్చాను. హీబ్రూలో దాలెత్, రేష్ అనే అక్షరాలు చూడ్డానికి దగ్గరగా ఉంటాయి, మూల కాస్త గుండ్రమైతే మాటే మారిపోతుంది. ఇస్త్రీతో అంటించే అప్లిక్‌లో అక్షరాన్ని తిరగేసి గీయాలి. మా వాళ్లు ఒక పదాన్ని నేరుగా గీసేశారు, మొత్తం విప్పాల్సి వచ్చింది. వెల్వెట్ ముక్కలన్నిటి నూగు ఒకే వైపుకు ఉండాలి, లేకపోతే ఒకే రంగు రెండు రంగుల్లా కనిపిస్తుంది. ఇంకో మాట: ఉన్ని, నార (లినెన్) కలిపిన బట్ట వేసుకోకూడదని తోరా చెబుతుంది. తెరకు ఆ నియమం ఎంతవరకో రబ్బీని (యూదుల మతగురువును) అడిగాకే బట్ట కొనండి.

రెడీమేడ్ తెరలు కూడా దొరుకుతాయి. రోష్ హషానా (యూదుల కొత్త సంవత్సరం), యోమ్ కిప్పూర్ (ప్రాయశ్చిత్త దినం) పండగలకు తెల్ల సెట్ తొందరగా కావాలంటే సరిపోతాయి.

కుట్టేవాళ్లు అయిదారుగురైనా లేకపోతే ఆర్టిస్టుకే ఇవ్వండి. ఉంటే డిజైన్ ఒక్కటే గీయించుకోండి. మాకు ఏడాది పైనే పట్టింది. మొన్న ఒక శనివారం ప్రార్థనలో తెర లాగుతుంటే అంచు ఊడింది. శనివారం సబ్బాతు, అంటే యూదుల విశ్రాంతి దినం; ఆ రోజు సూది పట్టరు కదా. ఆదివారం పొద్దున్నే, ఆ అంచు మొదట కుట్టినావిడే వచ్చి బాగుచేశారు. నాకు ఆ సంగతి తర్వాతెప్పుడో తెలిసింది.