ర్యాంబో నడిచిన ఊళ్ళో ఒక రాత్రి

మా నాన్న ఆర్మీలో చేశారు. 1971 యుద్ధానికి వెళ్ళొచ్చారు. దాని గురించి ఇంట్లో ఎప్పుడూ ఎక్కువ మాట్లాడరు గానీ, టీవీలో ‘ఫస్ట్ బ్లడ్’, అంటే వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన ర్యాంబో అనే సైనికుడి సినిమా వస్తే మాత్రం చివరిదాకా కదలకుండా చూస్తారు. ఆ సినిమా తీసిన ఊరు కెనడాలో, సర్రేలోని మా ఇంటికి గంటన్నర దూరమేనని చెబితే, ఆ రాత్రే బ్యాగు సర్దేసుకున్నారు. 2021 సెప్టెంబర్‌లో నేను, మా వారు, నాన్న కలిసి వెళ్ళొచ్చాం.

ఊరి పేరు హోప్. వాంకూవర్‌కి తూర్పున 150 కిలోమీటర్లు, ఫ్రేజర్ నదిలో కొక్విహల్లా నది కలిసే చోటు. సినిమాలో దీన్ని అమెరికాలోని ఊరిగా చూపించారు. డేవిడ్ మోరెల్ 1972లో రాసిన నవలలో కథ కెంటకీలో జరుగుతుంది. టెడ్ కాచెఫ్ దర్శకత్వంలో సినిమా 1982లో వచ్చింది. ఆ మరుసటి ఏడాది వచ్చిన మన ‘ఖైదీ’లో చిరంజీవి స్టేషన్లో పోలీసుల మీద తిరగబడే సీను గుర్తుంది కదా, దానికి మూలం ఇదే. మా తరం ముందు ‘ఖైదీ’ చూసి, తర్వాత దీని దగ్గరికి వచ్చింది.

ముందు బస సంగతి. హైవే పక్కన మోటెల్ తీసుకున్నాం. రాత్రికి 140 డాలర్లు. ఫోటోల్లో బాగానే ఉంది గానీ గదిలో సిగరెట్ వాసన, గీజర్లో నీళ్ళు గోరువెచ్చనే. గది మార్చమంటే ఖాళీ లేదన్నారు. పైగా రాత్రంతా గూడ్స్ రైళ్ళు. నిద్ర తేలిగ్గా పోయేవాళ్ళు మెయిన్ రోడ్డుకి దూరంగా గది చూసుకోవడం మంచిది. పెద్దవాళ్ళతో వెళ్తే కింది అంతస్తే అడగండి, లిఫ్ట్ ఉండదు.

తిండి దగ్గర మాత్రం ఊరు మనసు గెలుచుకుంది. పొద్దున్నే ఒక చిన్న డైనర్‌కి వెళ్ళాం. వ్యాక్సిన్ కార్డులు చూపించి కూర్చున్నాక, అక్కడ వడ్డించే పెద్దావిడ నాన్న టోపీ మీదున్న రెజిమెంట్ బ్యాడ్జి చూసి, మీరు సైన్యంలో చేశారా అని అడిగింది. అవునన్నారు. బిల్లులో నాన్న కాఫీ వెయ్యలేదు. డబ్బులు తీసుకోమని నాన్న ఎంత చెప్పినా వినలేదు.

ఊరి మధ్యలో 2020లో పెట్టిన ర్యాంబో చెక్క బొమ్మ ఉంది. అందరూ దాని పక్కన ఫోటోలు దిగుతారు. పది నిమిషాలు చాలు.

అసలు చూడాల్సింది ఒథెల్లో టన్నెల్స్. కొక్విహల్లా లోయ అక్కడ 300 అడుగుల లోతు. నిట్టనిలువు బండల మధ్య 1914లో రైలు కోసం సొరంగాలు తొలిచారు. ఇంజనీరు ఆండ్రూ మెకల్లక్‌కి షేక్‌స్పియర్ అంటే ప్రాణం, అందుకే స్టేషన్లకి ఒథెల్లో, ఇయాగో, జూలియెట్ అని పేర్లు పెట్టాడు. ర్యాంబో హెలికాప్టర్‌ నుంచి తప్పించుకోవడానికి చెట్టు మీదకి దూకేది ఈ లోయలోనే. ఆ షాట్‌లో స్టాలోన్‌కి పక్కటెముకలు విరిగాయి.

సొరంగంలో సగం దూరం పోయాక కాళ్ళ కింద నేల కనిపించదు. ఫోన్ లైటు చాలదు, టార్చి తీసుకెళ్ళండి. పైనుంచి చుక్కలు చుక్కలుగా నీళ్ళు కారుతుంటాయి. నాన్న ఒకచోట ఆగి, తడి రాతి మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు నిలబడ్డారు. “ఏంటి నాన్నా?” అంటే, “ఏం లేదమ్మా, చల్లగా ఉంది” అన్నారు. నేనింక అడగలేదు. నడక తేలికే, గంటలో పోయి రావచ్చు. మేం వచ్చిన రెండు నెలలకి, నవంబర్ వరదల్లో ఈ దారి బాగా దెబ్బతిని మూసేశారు. వెళ్ళేముందు అక్కడి ప్రభుత్వ పార్కుల శాఖ ‘బీసీ పార్క్స్’ సైట్లో తెరిచి ఉందో లేదో చూసుకోండి.

చివరగా కౌకావా లేక్ రోడ్డు మీది వంతెన. సినిమాలో షెరీఫ్ (ఊరి పోలీసు పెద్ద) ర్యాంబోని కారులో తెచ్చి ఊరి బయట దింపేసేది ఇక్కడ. సినిమాలోది 2011లో పడగొట్టి కొత్తది కట్టారు కాబట్టి పాతది వెతుక్కోకండి. ఊళ్ళో తినడానికి ఏమైనా దొరుకుతుందా అనే అడుగుతాడు ర్యాంబో. 30 మైళ్ళ అవతల హోటల్ ఉందని చెప్పి పంపించేస్తారు. వెనక్కి తిరిగి మళ్ళీ ఊళ్ళోకి నడిచినందుకు అరెస్టు, స్టేషన్లో కొట్టడం, ఆ తర్వాతదంతా. దూకుళ్ళు, పేలుళ్ళు అందరికీ గుర్తుంటాయి. నాకు మాత్రం ఆఖర్న తన పాత కల్నల్ ముందు కూలబడి ఏడుస్తూ, అక్కడ కోట్ల ఖరీదు చేసే సామాను నా చేతికిచ్చారు, ఇక్కడ కార్లు పార్క్ చేసే పని కూడా నిలబెట్టుకోలేకపోతున్నా అనే మనిషే గుర్తుంటాడు.

నది ఒడ్డున బండ మీద కూర్చుని ఇంటినుంచి తెచ్చిన పులిహోర డబ్బా తెరిచాం. నాన్న మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని వంతెన వైపు చూస్తూ అన్నారు: “ఒక పూట అన్నం పెట్టుంటే వాడి దారిన వాడు పోయేవాడమ్మా.”