నాగార్జునసాగర్ రోడ్డు ధమ్మఖేత్తలో 10 రోజుల విపశ్యన

ఇల్లు, ఆఫీసు, పిల్లల చదువుల మధ్య నా గురించి నేను ఆలోచించుకుని ఎన్నాళ్లయిందో! అందుకే హైదరాబాద్‌లోని ధమ్మఖేత్త ధ్యాన కేంద్రానికి విపశ్యన ధ్యానం నేర్చుకోవడానికి వెళ్లాను. చేరగానే ఫోన్ తీసుకుంటారు. పుస్తకం, పెన్ను కూడా ఉండవు. తెల్లవారుజామున 4 గంటలకు గంట కొడతారు. తోటివాళ్లతో మాటల్లేవు. మొదటి మూడు రోజులూ శ్వాసను గమనించడమే, నాలుగో రోజు నుంచి విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను గమనించడం. నాకు మౌనం కంటే మోకాళ్ల నొప్పే కష్టమైంది. ఒక మధ్యాహ్నం చనిపోయిన నాన్న గుర్తొచ్చి కరువుతీరా ఏడ్చాను. ఇంట్లో ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు నాకు. ఫీజు లేదు, కోర్సు పూర్తి చేశాక ఇష్టమైతే విరాళం ఇవ్వొచ్చు. సాయంత్రం టీ, పండ్లు తప్ప రాత్రి భోజనం ఉండదు కాబట్టి షుగర్ ఉన్నవాళ్లు ఆ సంగతి దరఖాస్తులోనే రాయండి. ముఖ్యంగా ఆడవాళ్లు, సెలవు దొరికితే తప్పకుండా వెళ్లండి.