ఆల్టో కె10 పక్కన పాత ఎంజీబీ: ఏది ఎంత పని పెడుతుంది?

స్పోర్ట్స్ కారు అనగానే పికప్ గుర్తొస్తుంది గానీ, ఈ రెండు బండ్ల మధ్య తేడా అక్కడ లేదు. ఆల్టో కె10ది 998 సీసీ, మూడు సిలిండర్లు, 67 పీఎస్, బరువు సుమారు 700 కిలోలే. 1962 నుంచి 1980 దాకా ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో తయారైన ఎంజీబీ అనే స్పోర్ట్స్ కారుది 1798 సీసీ, తొలి మోడళ్లకు సుమారు 95 హార్స్‌పవర్, బరువు 900 కిలోల పైచిలుకు. బరువుతో భాగిస్తే రెండూ దగ్గర దగ్గరే. వాటిని నడిచేలా ఉంచడానికి పడే శ్రమలోనే తేడా అంతా.

ఆల్టోకి పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో సర్వీసు చేయిస్తే చాలు. ట్యాంకు 27 లీటర్లే కాబట్టి దూర ప్రయాణాల్లో బంకులు ముందే చూసుకోవాలి. హైవే మీద లారీ దాటినప్పుడు తేలిక బండి కాస్త ఊగుతుంది. ఏజీఎస్ (క్లచ్ పెడల్ లేకుండా తనే గేర్లు మార్చే మోడల్) తీసుకునేవాళ్లకు ఒక్క జాగ్రత్త: ఫ్లైఓవర్ ఎక్కుడులో బ్రేకు వదిలేసి యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టకండి. లోపల ఉన్నది మామూలు క్లచ్చే, ప్లేటు కాలిపోతుంది.

ఎంజీబీకి మన దగ్గర మొదటి శత్రువు ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని పాడుచేస్తుంది, అవి పగిలి వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారితే మంటలే. ఇథనాల్‌ను తట్టుకునే ఆర్9 గ్రేడు హోసులు వేయించాకే బండి రోడ్డెక్కాలి. ఇథనాల్ వల్ల పెట్రోలు-గాలి మిక్శ్చర్ పలచబడుతుంది కూడా, అందుకని ఆ రెండూ కలిపే రెండు ఎస్‌యూ కంపెనీ కార్బ్యురేటర్లనీ మళ్లీ సెట్ చేయాలి. పెట్రోలు వచ్చే జెట్‌ని గాలి దారిలోని గట్టు (బ్రిడ్జి) అంచుకు సమంగా తెచ్చి, కింది నట్టుని రెండు చుట్లు దించి మొదలుపెట్టండి. ఇంజిన్ వేడెక్కాక కార్బ్యురేటర్ లోపలి పిస్టన్‌ని మిల్లీమీటరు కంటే తక్కువే పైకెత్తి చూడండి. ఆర్‌పీఎం పెరిగి అలాగే ఉంటే మిక్శ్చర్ చిక్కన, వెంటనే పడిపోతే పలచన. కొద్దిగా పెరిగి మామూలుకొస్తే సరిపోయినట్టు. ఆ నట్టుని ఒకేసారి దాని ఆరు పలకల్లో ఒక్క పలక మేరకే తిప్పాలి. చెవితో చేసే ఈ పనిలో ఉన్న ఆనందం ఏ ఆధునిక కారూ ఇవ్వలేదు.

ట్యాపెట్ గ్యాపు (వాల్వు దగ్గర వదిలే సందు) ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు 0.38 మి.మీ. ముందు చక్రాలు తిరిగే ఇరుసులైన కింగ్‌పిన్లకు ఐదువేల కిలోమీటర్లకోసారి గ్రీజు కొట్టకపోతే అవి అరిగి స్టీరింగ్ బరువెక్కుతుంది. ఏబీఎస్, ఎయిర్‌బ్యాగులు లేవు, వాన రోడ్డు మీద దూరం పాటించాల్సిందే.

రోజూ ఆఫీసుకు వేసుకెళ్లడం కుదరదు. 2021 నిబంధనల ప్రకారం యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా రిజిస్టర్ చేయిస్తే ఫీజు 20,000 రూపాయలు, నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. ఆ బండిని ర్యాలీలకు, ప్రదర్శనలకు, రిపేరుకు, పెట్రోలుకు తీయవచ్చు, మామూలు తిరుగుడుకు కాదు.

కొనేముందు ఇంజిన్ కంటే బాడీ చూడండి. దీనికి విడిగా ఛాసిస్ లేదు, తలుపుల కింద గడపల్లా ఉండే సిల్సే బలం. వాటి మీద అయస్కాంతం ఆనించండి, అంటుకోని చోట పుట్టీ నింపినట్టే. తర్వాత ఒక పక్క జాకీ ఎత్తి తలుపు తెరిచి మూయండి. తలుపు వెనక అంచు దగ్గరి సందు బిగుసుకుని తలుపు పట్టేస్తుంటే సిల్స్ లోపల తుప్పు తినేసింది. ధర ఎంత తగ్గించినా ఆ బండి వద్దు.