ఫ్రాంచెస్కోనా, డౌలండా: ల్యూట్ వినడం ఎవరితో మొదలుపెట్టాలి?

ఇటలీవాడు ఫ్రాంచెస్కో దా మిలానో (1497–1543), ఇంగ్లండ్‌కు చెందిన జాన్ డౌలండ్ (1563–1626). ఇద్దరూ ల్యూట్ అనే మీటే తీగవాద్యాన్ని వాయించినవాళ్లే, దానికి సంగీతం రాసినవాళ్లే. జాతకాలు మాత్రం వేరు.

ఫ్రాంచెస్కో పదో లియో, ఏడో క్లెమెంట్, మూడో పాల్ అనే ముగ్గురు పోప్‌ల కొలువులో వాయించాడు. బతికుండగానే 'దివ్యుడు' అనిపించుకున్నాడు. రిచెర్కార్లు, ఫాంటసియాలు అనే ఆయన వాద్య రచనల్లో పాట ఉండదు, సాహిత్యం ఉండదు. ఒక చిన్న స్వరవరస పై తీగల మీద మొదలైతే కింది తీగలు దాన్ని అందుకుంటాయి, అంతే. చాలావరకు రెండు మూడు నిమిషాల్లో ముగుస్తాయి.

డౌలండ్ కథ సాఫీగా సాగలేదు. 1594లో ఎలిజబెత్ రాణి కొలువులో ఖాళీ వస్తే ఆయనకు దక్కలేదు. ప్రొటెస్టెంట్ రాణి దగ్గర తాను కాథలిక్ కావడమే కారణమని ఆయన నమ్మకం. 1597లో వేసిన మొదటి పాటల పుస్తకం పదేపదే పునర్ముద్రణ పొందింది. దాని అచ్చు భలే ముచ్చటగా ఉంటుంది: పుస్తకాన్ని బల్ల మీద తెరిచి పెడితే, చుట్టూ కూర్చున్నవాళ్లకు ఎవరి వరస వాళ్లకే తిన్నగా కనిపిస్తుంది! అంత పేరున్నా 1598 నుంచి 1606 దాకా డెన్మార్క్ రాజు నాలుగో క్రిస్టియన్ దగ్గరే కొలువు. సొంత దేశపు రాజకొలువు దొరికేసరికి 1612 వచ్చింది, వయసు యాభైకి చేరువైంది. ఈలోగా విషాదమే ఆయన ముద్ర అయిపోయింది. 1604 నాటి ఆయన వాద్య రచనల సంపుటి 'లాక్రిమే' పేరుకు అర్థమే కన్నీళ్లు.

గొంతు లేనిదే సంగీతం రుచించదంటే డౌలండ్‌తో మొదలుపెట్టండి. నా ఓటు మాత్రం ఫ్రాంచెస్కోకే. విషాదం మనసును తేలిగ్గానే పట్టేస్తుంది. ఆయన ఆ సాయం కూడా తీసుకోడు.